మా వైపు నుంచి చూస్తే ఆవిడ వీపే కనిపిస్తుంది

"స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ వలస వచ్చినవాళ్లకి నిజంగానే స్వేచ్ఛకి గుర్తా? అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లు దాన్ని మొదటిసారి చూసినప్పుడు ఏమనిపించింది?" అని అడిగారు.

నాకైతే ఏమీ అనిపించలేదు. అసలు ఈ దేశం వచ్చిన పన్నెండేళ్ల దాకా నేను ఆ దీవి మీద అడుగే పెట్టలేదు. ఉండేది న్యూజెర్సీలో, జెర్సీ సిటీలో. కారు తీస్తే పది నిమిషాల్లో పడవ దగ్గరుంటాను. గుడి గోడకి ఆనుకుని ఇల్లున్నవాడు దర్శనానికి వెళ్లనట్టే అయింది నా పని.

పైగా జెర్సీ వైపు నుంచి, లిబర్టీ స్టేట్ పార్కు గట్టు మీద నిలబడి చూస్తే మనకి కనిపించేది ఆవిడ వీపు. ముఖం ఆగ్నేయంగా, సముద్రంలోంచి ఓడలు వచ్చే దారివైపు ఉంటుంది. ఎడిసన్ నుంచి జెర్సీ సిటీ దాకా ఇన్ని వేలమంది తెలుగువాళ్లం ఆవిడ వీపు వెనకాల కాపురాలు పెట్టుకున్నాం. ఓడలో ఎదురుగా వచ్చినవాళ్లు చూసిన విగ్రహం వేరు, మనం రోజూ చూసేది వేరు. ఈ ప్రశ్నకి ఉప్పొంగిపోయి జవాబులు రాసేవాళ్లు ఈ సంగతి పట్టించుకోరు.

మనం విమానంలో వచ్చినవాళ్లం. 2011 ఆగస్టులో ఎమ్మెస్ కోసం వచ్చినప్పుడు నేను చికాగోలో దిగాను. నాకు స్వాగతం చెప్పింది దివిటీ పట్టుకున్న ఆవిడ కాదు, నా సూట్‌కేసులో ఆవకాయ సీసా మీద చుట్టిన ఐదు పొరల ప్లాస్టిక్ కవరు విప్పి, వాసన చూసి, రెండడుగులు వెనక్కి వేసిన కస్టమ్స్ ఆయన. మా తరానికి గుర్తు ఏదైనా ఉందంటే చిలుకూరు బాలాజీ గుడి. వీసా రావాలని 11 ప్రదక్షిణలు, వచ్చాక మొక్కు తీర్చడానికి 108. నాకు వీసా వచ్చాక కాళ్లనొప్పులంటూ నేను నలభైకే చతికిలబడితే, మిగతావి నా బదులు మా నాన్నగారు తిరిగారు. చేతిలో అంకెల కార్డు, పెన్నుతో ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ. అలవాటైన పనే. ఆయన తణుకు డిపోలో ముప్పై ఒక్క ఏళ్లు కండక్టరు.

ఈ జవాబు నిజానికి ఆయన గురించే.

2023 ఆగస్టులో ఆయన మా ఇంటికొచ్చారు. అమ్మ విమానం ఎక్కనంది, ఈయన ఒక్కరే వచ్చారు. వచ్చిన పదో రోజుకే ఇంట్లో తోచక, బాల్కనీలో నిలబడి కింద వెళ్లే సిటీ బస్సుల టైమింగులు ఒక కాగితం మీద రాయడం మొదలెట్టారు. ఇక లాభం లేదని ఒక శనివారం పులిహోర డబ్బా కట్టించుకుని బయల్దేరాం.

జెర్సీ వైపు పడవ ఎక్కే చోటు ఒక పాత రైల్వే స్టేషను. ఇప్పుడు రైళ్లు లేవు, పట్టాలున్న చోట గడ్డి మొలిచింది. ఒకప్పుడు విగ్రహం పక్క దీవి ఎల్లిస్ ఐలండ్‌లో, వలస వచ్చినవాళ్లకి పెట్టే పరీక్ష పాసైనవాళ్లలో చాలామంది ఇక్కడికొచ్చి, ఇక్కడ రైలెక్కి లోపలి ఊళ్లకి వెళ్లారు. నాన్నగారు ఆ ప్లాట్‌ఫారాలన్నీ లెక్కపెట్టి "పెద్ద డిపోనే" అన్నారు. నేను కౌంటర్లో టికెట్లు కొని చేతికిచ్చాను. ఆయన ఏ టికెట్టు చేతికొచ్చినా ముందు వెనక్కి తిప్పి చూస్తారు.

"ఇది ఒకవైపుకేనా?"

"రానూపోనూ నాన్నా. రెండు దీవులకీ కలిపి ఒకటే."

"మంచి పద్ధతి" అని మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

మా వైపు పడవ ముందు ఎల్లిస్ ఐలండ్ దగ్గర ఆగుతుంది, తర్వాతే విగ్రహం. నా మాట వినండి, విగ్రహం చూసినా చూడకపోయినా ఎల్లిస్ ఐలండ్ చూడండి. 1892 నుంచి 1954 దాకా కోటీ ఇరవై లక్షలమంది అక్కడి నుంచే లోపలికొచ్చారు. పైఅంతస్తులో పెద్ద హాలు. అక్కడికి మెట్లెక్కి వెళ్లాలి. ఆ రోజుల్లో జనం మూటలు మోసుకుంటూ మెట్లెక్కుతుంటే డాక్టర్లు పక్కన నిలబడి చూసేవాళ్లట, ఎవరికి ఆయాసం వస్తోంది, ఎవరు కుంటుతున్నారు అని. అనుమానం వస్తే కోటు మీద సుద్దముక్కతో ఒక అక్షరం. గుండెకి ఒకటి, కంటికి ఒకటి, కాలికి ఒకటి. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. సగంలో ఆగి రెయిలింగ్ పట్టుకున్నారు. "ఇక్కడ ఆగకు నాన్నా, చొక్కా మీద సుద్ద పడుద్ది" అన్నాను. ఆయన నవ్వలేదు. భుజం ఒకసారి దులుపుకుని మిగతా మెట్లు గబగబా ఎక్కేశారు.

ఈ పరీక్షలన్నీ ఓడ అడుగున, చౌక టికెట్టు మీద వచ్చినవాళ్లకే. ఫస్టు క్లాసు, సెకండు క్లాసు వాళ్లని ఓడలోనే పైపైన చూసి మన్‌హటన్‌లో దింపేసేవాళ్లు. అది చెబితే నాన్నగారు, "ఇక్కడా అంతేనన్నమాట. చెకింగోళ్లు పల్లెవెలుగు ఆపినంతగా గరుడ బస్సు ఆపరు" అన్నారు.

అయినా సరే, ఆ పరీక్షల్లో వెనక్కి పంపింది నూటికి ఇద్దర్నే. 1907 ఏప్రిల్ 17న ఒక్కరోజులో 11,747 మందిని చూసి పంపించారు. యూరప్ నుంచి వచ్చేవాళ్లకి మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు వీసా అనే గొడవే లేదు. ఓడ టికెట్టు కొనుక్కుని, అక్షరాలా కొట్టుకుంటూ వచ్చి, ఆ హాల్లో ప్రశ్నలకి జవాబులు చెప్పి వెళ్లిపోయారు. అలా వచ్చినవాళ్లకి ఓడ మీంచి మొదట కనిపించిన బొమ్మ ఆవిడ. వాళ్లకి ఆవిడ స్వేచ్ఛ అంటే నేను నమ్ముతాను. వాళ్లు ఏడ్చారంటే నమ్ముతాను. వాళ్ల ఏడుపుని మన ఖాతాలో వేసుకుని, చేతి మీద విగ్రహాన్ని నిలబెట్టినట్టు ఫోటో దిగి, "ఫీలింగ్ ఫ్రీ" అని పెడతారు చూడండి, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఫోటో పెట్టినవాడి పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు అయిపోయి మూడేళ్లవుతుంది, సొంతూరికి వెళ్లే ధైర్యం ఉండదు.

సరే, విగ్రహం దగ్గరికొచ్చాం. అందరూ ముందుకెళ్లి తలెత్తి ముఖం చూస్తుంటే మా నాన్నగారు చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లారు. చాలాసేపు చూసి, నా ఫోన్ తీసుకుని కెమెరా జూమ్ చేయమన్నారు. కుడికాలి మడమ దగ్గర ఆపించారు.

"ఈవిడ నిలబడలేదురా. మడమ లేచింది చూడు. ఫుట్‌బోర్డు మీద ముందుకాలు పెట్టినవాళ్లకి వెనక్కాలు ఇలాగే ఉంటుంది. బస్సెక్కుతోంది."

పన్నెండేళ్లుగా ఆ వీపు చూస్తున్నాను. ఆ మడమ నా కంటికి ఎప్పుడూ ఆనలేదు. ఇంటికెళ్లాక చదివితే తెలిసింది, అది శిల్పి కావాలని చేసిందే. ఆవిడ నడుస్తోంది. పాదాల దగ్గర తెగిన గొలుసు కూడా ఉంది, కింద నిలబడినవాళ్లకి కనబడదు. ఆ గొలుసుది వేరే కథ. ఈ బొమ్మ ఆలోచన మొదలైంది 1865లో, అమెరికాలో బానిసత్వం పోయిన ఏడాది. ఆలోచన లాబులే అనే ఫ్రెంచి ప్రొఫెసరుది, బానిసత్వాన్ని గట్టిగా వ్యతిరేకించినవాడు. వలస వచ్చేవాళ్లు అప్పుడు ఎవరి బుర్రలోనూ లేరు. 1886 అక్టోబరు 28న ఆవిష్కరించే నాటికి చైనావాళ్లు రాకూడదని చట్టం చేసి నాలుగేళ్లయింది కూడా. వలసదారుల తల్లి అనే పేరు తర్వాత వచ్చింది. ఎమ్మా లాజరస్ 1883లో రాసిన పద్యం, అలసినవాళ్లనీ పేదవాళ్లనీ నా దగ్గరికి పంపండి అని ఆవిడ పిలుస్తున్నట్టు రాసింది, ఆవిష్కరణ రోజున ఎవరూ చదవలేదు. ఆ కవయిత్రి మరుసటి ఏడాదే చనిపోయింది. ఆ పద్యాన్ని కంచు ఫలకం మీద చెక్కి పెట్టింది 1903లో. అంటే ఆవిడకి ఈ ఉద్యోగం ఇచ్చింది ప్రభుత్వం కాదు, ఓడల్లో వచ్చిన జనం, ఒక పద్యం.

అసలు ఆవిడ కథే మన స్టూడెంట్ల కథలా ఉంటుంది. శిల్పి బార్తోల్డీ అంతకుముందు సూయజ్ కాలువ దగ్గర దివిటీ పట్టుకున్న ఆడమనిషి బొమ్మ ఒకటి పెడతానని ఈజిప్టు పాలకుణ్ణి అడిగాడు. రిజెక్ట్. తర్వాత అమెరికా. రెండూ ఒకటి కాదని ఆయన వాదించాడనుకోండి, ఒక దేశం వీసా ఇవ్వకపోతే ఇంకో దేశానికి అప్లై చేసినట్టే నాకనిపిస్తుంది. 1885 జూన్‌లో 350 ముక్కలుగా, 214 పెట్టెల్లో వచ్చి దిగింది. తీరా చూస్తే నిలబడడానికి దిమ్మ పూర్తి కాలేదు. దాదాపు ఏడాది పెట్టెల్లోనే. స్టేటస్ పెండింగ్. దిమ్మకి డబ్బులు చాలడం లేదని, ఆవిడ దిగడానికి ముందే, ఆ మార్చిలోనే పులిట్జర్ తన పేపర్లో చందాలకి పిలుపిచ్చాడు. ఆయన కూడా హంగరీ నుంచి వచ్చినవాడే. ఎంత తక్కువ ఇచ్చినా పేరు పేపర్లో వేస్తానన్నాడు. లక్షా ఇరవై వేలమందికి పైగా ఇచ్చారు, ఎక్కువమంది డాలరు లోపే. లక్ష డాలర్లు దాటింది. నాన్నగారికి ఈ కథలో నచ్చింది ఇదొక్కటే. "మన కాలనీ వినాయకచవితి చందా పుస్తకం. పది రూపాయలిచ్చినా పేరు రాయాలి, లేకపోతే వచ్చే ఏడాది ఇవ్వరు" అన్నారు.

మ్యూజియంలో ఆవిడ ముఖం అసలు సైజులో రాగి రేకుతో చేసి పెట్టారు, ముట్టుకోవచ్చు. నాన్నగారు గోటితో కొట్టి చూశారు. టంగుమంది. అసలు విగ్రహంలో ఆ రేకు మందం రెండున్నర మిల్లీమీటర్లు కూడా ఉండదు. లోపల భారం మోసేది ఇనుప చట్రం, ఈఫిల్ వేసింది. "బస్సు బాడీ లాగేరా" అన్నారు. ఆ మాటకి ఇంజినీరింగ్ చదివిన నా దగ్గర అంతకంటే మంచి వివరణ లేదు.

బయటికొచ్చి నీడలో బెంచీ మీద పులిహోర విప్పాం. (అక్కడ తిండి కొనకండి. ఆ డబ్బుతో ఎడిసన్‌లో ఇద్దరు భోంచేయొచ్చు.) మాటల్లో యల్లాప్రగడ సుబ్బారావుగారు వచ్చారు. భీమవరంలో పుట్టినాయన అంటే మా నాన్నగారికి పక్కింటాయన కింద లెక్క. క్యాన్సర్‌కి ఇప్పటికీ వాడే మెథోట్రెక్సేట్ వెనక ఉన్న మనిషి. ఆయన బోస్టన్ వచ్చింది 1920ల మొదట్లో. 1923లో ఇక్కడి సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ అనే ఆయన కేసులో, ఇండియావాళ్లు తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వం కుదరదంది. 1917 చట్టంతో మనవైపు నుంచి కూలీలు రావడం అప్పటికే బంద్. స్టూడెంటుగా వచ్చిన సుబ్బారావుగారు పాతికేళ్లు ఇక్కడ పనిచేసి, పౌరుడు కాకుండానే 1948లో ఇక్కడే పోయారు. 1946లో కొత్త చట్టం వచ్చింది, ఇండియా నుంచి ఏడాదికి 100 మంది రావచ్చని.

"వందా? లక్షలో వందా?"

"కాదు. మొత్తం దేశానికి వంద."

"సంక్రాంతి ముందురోజు తణుకులో ఒక్క బస్సుకి ఎక్కించేవాణ్ణి."

తర్వాత 1965 అక్టోబరు 3న ప్రెసిడెంటు జాన్సన్ ఈ దీవి మీదికే వచ్చి, ఈవిడ కాళ్ల దగ్గరే కూర్చుని కొత్త చట్టం మీద సంతకం పెట్టాడు. జాతిని బట్టి కోటాలు తీసేశారు. ఇవాళ అమెరికాలో ఇంతమంది తెలుగువాళ్లం ఉన్నామంటే ఆ సంతకం వల్లే. మనవాళ్లు దిగాల్సిన ఫోటో ఏదైనా ఉంటే అది ఆ సంతకం పెట్టిన చోట.

కానీ దేశానికింత అని ఒక పరిమితి మాత్రం మిగిలింది. ఇప్పుడు ఉద్యోగాల మీద ఏడాదికి ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. భార్యాపిల్లలు కూడా ఆ లెక్కలోనే. మామూలుగా ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటకూడదు. నా ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్‌కార్డు లైన్లో నిలబడిన తేదీ, 2016. ఇది నాన్నగారికి ఎన్నోసార్లు ఫోన్లో చెప్పాను, ఎక్కలేదు. ఆ రోజు బెంచీ మీద ఎక్కింది.

"అంటే బస్సులో 140 సీట్లున్నాయి. ఏ స్టాపులోనైనా పదిమందే ఎక్కాలి. తణుకులో వెయ్యిమంది నిలబడ్డా పదిమందే, అవతల పల్లెలో ముగ్గురున్నా ముగ్గురూ ఎక్కేస్తారు."

"అంతే."

"రూటు వేసినోడికి బుద్ధి లేదు" అన్నారు. పదేళ్లుగా లాయర్లు, వాట్సప్ గ్రూపులు, వెబినార్లు చెప్పలేనిది అది.

కాసేపాగి, డబ్బా మూత పెడుతూ అన్నారు: "మీ పెదనాన్న కొడుకు పేలాలు సగం కిందే పోశాడురా."

చెల్లి పెళ్లి గురించి. 2019 మార్చి. లాజహోమంలో పెళ్లికూతురి దోసిట్లో పేలాలు పోయాల్సింది అన్నదమ్ముడు. నేను వెళ్లలేదు. వీసా స్టాంపింగ్ గడువు అయిపోయింది. వెళ్తే మళ్లీ వీసా ముద్ర వేయించుకుని రావాలి. ఆ ముందు నెలే నా రూమ్మేటు వెళ్లి, వీసా ఇవ్వకుండా ఆపి ఉంచామనే 221జీ స్లిప్పు చేతిలో పెట్టుకుని నాలుగు నెలలు అక్కడే ఇరుక్కున్నాడు, ఇక్కడ ప్రాజెక్టు పోయింది. మా కన్సల్టెన్సీ వాళ్లు "మీ రిస్కు మీద వెళ్లండి" అని మెయిల్ పెట్టారు. ముహూర్తం అక్కడ తెల్లవారుజామున, ఇక్కడ సాయంత్రం. ఆఫీసులో మీటింగ్ రూము తలుపేసుకుని, ఫోన్‌ని వాటర్ బాటిల్‌కి ఆనించి చూశాను. సరిగ్గా హోమం దగ్గర నెట్టు ఆగిపోయింది. తెర మీద చెల్లి దోసిలి, అందులో పడబోతూ గాల్లో ఆగిపోయిన పేలాలు. అలా ఎంతసేపుందో. మళ్లీ కదిలేసరికి ఏడడుగులు అయిపోయాయి.

నాలుగేళ్లలో నాన్నగారు ఆ మాట ఎత్తడం అదే మొదలు. జేబులోంచి పడవ టికెట్టు తీసి మరోసారి వెనక్కి తిప్పి చూసి, "రానూపోనూ అన్నావు కదా" అని మళ్లీ లోపల పెట్టుకున్నారు.

కాబట్టి మీ ప్రశ్నకి నా జవాబు: ఈ దేశానికి రాగలగడాన్ని స్వేచ్ఛ అంటే నేను ఒప్పుకోను. చెల్లి పెళ్లికి వెళ్లి మళ్లీ రాగలగాలి. ఆ ఓడల కాలంలో ఇటలీవాళ్లు ఎంతోమంది నాలుగు డబ్బులు సంపాదించుకుని ఊరెళ్లి, మళ్లీ కావాలంటే వచ్చారు. వాళ్లని వలస పక్షులని వెక్కిరించారు కూడా. నాకు వాళ్లని చూస్తే అసూయ.

ఈ పరిస్థితిలో ఉన్న మనవాళ్లే ఇంకొకళ్లని ఆడిపోసుకోవడం నాకు అర్థం కాని విషయం. ఏ గెట్‌టుగెదర్‌కి వెళ్లినా గ్రీన్‌కార్డు వచ్చిన అన్నయ్య ఒకాయన ఉంటాడు. బిర్యానీ ప్లేటు పట్టుకుని, బోర్డర్ దాటి వచ్చినవాళ్లని తిడతాడు, కొత్తగా వచ్చే మన స్టూడెంట్లని తిడతాడు, "మా టైములో క్వాలిటీ ఉండేది" అంటాడు. ఆయన టైముకి ఆయన్నీ ఎవడో అలాగే తిట్టి ఉంటాడు. 1965కి ముందైతే ఆయనకీ ఏడాదికి వందలోనే చోటు దొరకాలి. అది గుర్తు చేస్తే మరుసటి పార్టీకి నాకు పిలుపు రాదు. రాకపోయినా పరవాలేదు.

సాయంత్రం తిరుగు పడవకి లైను చాలా పొడుగుంది. ఎక్కినవాళ్లు ఎక్కినట్టు తలుపు దగ్గరే నిలబడి విగ్రహానికి చివరి ఫోటోలు తీసుకుంటున్నారు. వెనక వందమంది గట్టు మీదే, పిల్లల్ని ఎత్తుకుని. పడవ మనిషి రెండుసార్లు అరిచాడు, ఎవరూ కదల్లేదు. మా నాన్నగారు గొంతు సవరించుకోవడం విన్నాను కానీ ఆపే టైము లేకపోయింది.

"లోపలికి జరగండమ్మా! లోపల బోలెడు ఖాళీ ఉంది! జరగాలి, జరగాలి!"

ముందువరసలో ముగ్గురు ఉలిక్కిపడి, నవ్వుతూ లోపలికి జరిగారు. మనవాళ్లే. వాళ్లని చూసి మిగతావాళ్లూ జరిగారు.